కంప్యూటరు చూసింది కదా, ఇక సూది ఎందుకు?

కృష్ణా జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందుంది. ఆమె భర్త రిటైరైన లెక్కల మాష్టారు. వయస్సు 66. రాత్రిపూట నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారని రక్తపరీక్ష చేయిస్తే పి.ఎస్.ఏ. 8.4 వచ్చింది. డాక్టరు గారు ఎం.ఆర్.ఐ. తీయించి, అందులో అనుమానించదగ్గ మచ్చ ఒకటి వుందనీ, బయాప్సీ చేయాలనీ చెప్పారు. మాష్టారు ససేమిరా అన్నారు. హైదరాబాదులో వుంటున్న వారి మేనల్లుడు, "మావయ్యా, ఇప్పుడు కంప్యూటర్లే స్కాను చూసి కేన్సరు వుందో లేదో చెప్పేస్తున్నాయి. ఒంట్లో సూదులు గుచ్చే రోజులు పోయాయి" అన్నాడట. మాష్టారికి ఆ మాట బాగా నచ్చింది. నాలుగు నెలలుగా స్కాను ఫిల్ములు బీరువాలోనే వున్నాయి.

"మేనల్లుడు చెప్పింది నిజమేనా? సూదితో గుచ్చితే కేన్సరు ఒళ్ళంతా పాకుతుందని ఇరుగుపొరుగు వాళ్ళు అంటున్నారు. మమ్మల్ని ఏం చేయమంటారు?" అని ఆ సోదరి అడుగుతున్నారు.

అమ్మా, మేనల్లుడు చెప్పినదాంట్లో సగం నిజం వుంది. మిగతా సగమే మీ వారిని నాలుగు నెలలుగా ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ రెండు సగాలనూ విడదీసి చెబుతాను. మీ వారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఆయన లెక్కల మాష్టారు కాబట్టి మధ్యలో ఒక చిన్న లెక్క కూడా వేద్దాం.

ఏమిటీ గ్రంథి?

ప్రోస్టేటు గ్రంథి మగవారికి మాత్రమే వుంటుంది. అందుకే దీన్ని పౌరుష గ్రంథి అని కూడా అంటారు. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఒక వలయంలా అమరి వుంటుంది. వయసులో వున్నప్పుడు పెద్ద ఉసిరికాయంత వుంటుంది. వీర్యంలో కలిసే ద్రవాన్ని కొంత ఇది తయారుచేస్తుంది. యాభై దాటాక చాలామందిలో ఇది పెరగటం మొదలుపెడుతుంది. అలా పెరిగి మూత్రనాళాన్ని నొక్కితే ధార సన్నబడటం, ముక్కవలసి రావటం, రాత్రిళ్ళు పదే పదే లేవటం వంటి బాధలు వస్తాయి. ఈ పెరుగుదల చాలావరకు మామూలు పెరుగుదలే, కేన్సరు కాదు. మామూలు పెరుగుదల తరువాత రోజుల్లో కేన్సరుగా మారిపోతుందన్నది కూడా అపోహే.

కేన్సరు సంగతి వేరు. అది ఎక్కువమందిలో గ్రంథి వెలుపలి అంచున, వెనుక భాగంలో మొదలవుతుంది. మూత్రనాళానికి దూరంగా వుంటుంది కాబట్టి తొలిదశలో ఏ బాధా వుండదు. మూత్రం బాగానే వస్తోంది కదా అని ధీమాగా వున్నవారిలో కూడా అది వుండవచ్చు. మూత్రం ఇబ్బందితో డాక్టరు దగ్గరికి వెళ్ళి, వేరే కారణంతో చేసిన పరీక్షలో బయటపడినవారూ వున్నారు. ప్రపంచం మొత్తం మీద 2022వ సంవత్సరంలో సుమారు 14 లక్షల 60 వేలమంది మగవారిలో ఈ కేన్సరును కొత్తగా గుర్తించారు. ఇది ఎక్కడో తెల్లవారి దేశాలకే పరిమితమైన జబ్బని మన డాక్టర్లు సైతం ఒకప్పుడు అనుకునేవాళ్ళం. ఇప్పుడు మన నగరాలలో మగవారికి వచ్చే ముఖ్యమైన కేన్సర్లలో ఇదీ ఒకటి.

రక్తపరీక్ష చెప్పేది, చెప్పనిది

పి.ఎస్.ఏ. అనేది ప్రోస్టేటు గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీను. అందులో కొంత రక్తంలోకి వస్తుంది. అమెరికాలో ఈ పరీక్షను 1986లో కేన్సరు రోగుల చికిత్స ఎలా సాగుతోందో చూడటానికీ, 1994లో కేన్సరును కనిపెట్టటంలో సాయానికీ అనుమతించారు. మిల్లీలీటరు రక్తంలో 4 నానోగ్రాములు దాటితే అనుమానించటం ఆనవాయితీగా వస్తోంది.

అయితే పి.ఎస్.ఏ. పెరగటానికి కేన్సరు ఒక్కటే కారణం కాదు. గ్రంథి మామూలుగా పెరిగినా, మూత్రంలో చీము వున్నా, మూత్రం బిగుసుకుపోయి గొట్టం వేసినా పెరుగుతుంది. 4కీ 10కీ మధ్య వచ్చినవారిలో, పాశ్చాత్య దేశాల లెక్క ప్రకారం, సుమారు నలుగురిలో ఒకరికే బయాప్సీలో కేన్సరు కనిపిస్తుంది. మీ వారి 8.4 ఈ కోవలోనిదే. కాబట్టి రక్తపరీక్ష వీధి చివర మొరిగిన కుక్క లాంటిది. వచ్చినవాడు దొంగ కావచ్చు, పాలవాడూ కావచ్చు. తలుపు తీసి చూడవలసిందే.

స్కానింగులో ఏం చూస్తారు?

తలుపు తీసి చూడటానికి ఇప్పుడు మనకున్న మంచి సాధనం ఎం.ఆర్.ఐ. ఇందులో ఎక్స్‌రే కిరణాలు వుండవు, అయస్కాంత శక్తితో పనిచేస్తుంది. ప్రోస్టేటుకు మూడు రకాలుగా బొమ్మలు తీస్తారు. మొదటిది గ్రంథి నిర్మాణాన్ని చూపుతుంది. రెండవది కణాల మధ్య నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతోందో చూపుతుంది. కేన్సరు కణాలు సంతలో జనంలా కిక్కిరిసి వుంటాయి కాబట్టి అక్కడ నీటి కదలిక తగ్గుతుంది. మూడవది రక్తనాళంలోకి మందు ఎక్కించాక అది ఎక్కడికి ముందుగా చేరుతోందో చూపుతుంది. ఇవన్నీ చూసి రేడియాలజిస్టు 1 నుంచి 5 దాకా ఒక అంకె వేస్తారు. దీన్ని పై-రాడ్స్ అంటారు. 1 అంటే అనుమానం దాదాపు లేనట్లే. 5 అంటే అనుమానం చాలా ఎక్కువ. 3 అంటే ఎటూ తేలని స్థితి.

ఈ స్కానింగు ఎంత మేలు చేసిందో చెప్పాలి. పూర్వం పి.ఎస్.ఏ. పెరిగితే గ్రంథిలో పది, పన్నెండు చోట్ల గుడ్డిగా గుచ్చి ముక్కలు తీసేవారు. బ్రిటనులో 576 మంది మీద చేసిన పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. ప్రమాదకరమైన కేన్సర్లలో ఆ గుడ్డి బయాప్సీ పట్టుకున్నవి నూటికి 48 మాత్రమే. ఎం.ఆర్.ఐ. 93 పట్టుకుంది. ముందు స్కాను తీస్తే నూటికి 27 మందికి బయాప్సీ అవసరమే తప్పిపోవచ్చని కూడా అందులో తేలింది. మేనల్లుడి మాటలో మొదటి సగం నిజం ఇదే. స్కానింగు వల్ల అనవసరపు సూదిపోట్లు నిజంగానే తగ్గాయి.

కంప్యూటరు ఎలా నేర్చుకుంటుంది?

ఎం.ఆర్.ఐ. బొమ్మలు చదవటం తేలిక కాదు. వందల కొద్దీ బొమ్మలు. అనుభవం వున్న రేడియాలజిస్టు, లేని రేడియాలజిస్టు ఒకే బొమ్మకు వేరువేరు అంకెలు వేయటం కద్దు. ఇక్కడే కంప్యూటరు సాయానికి వస్తోంది. దీన్నే మెషిన్ లెర్నింగ్, అంటే యంత్రం నేర్చుకోవటం అంటున్నారు. ఇదేమీ మంత్రం కాదు. మన ఇళ్ళల్లో జరిగేదే.

చిన్నప్పుడు బామ్మ పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరటం మీకు జ్ఞాపకం వుండే వుంటుంది. రాయి అంటే ఇంత పొడవు, ఇంత వెడల్పు అని బామ్మ నిర్వచనం చెప్పలేదు. "ఇదిగో రాయి, ఇదిగో మట్టిబెడ్డ, ఇది రాయి కాదే, నూక" అని చూపించింది. పిల్ల తప్పు తీస్తే సరిదిద్దింది. వంద చేటలు ఏరాక పిల్ల చూపు దానంతటదే రాయి మీద పడటం మొదలైంది. ఎలా గుర్తుపట్టావే అంటే చెప్పలేదు, కానీ గుర్తుపడుతుంది.

కంప్యూటరూ అంతే. వేలకొద్దీ స్కానులు దానికి చూపిస్తారు. ప్రతి స్కానుకూ జవాబు ముందే తెలిసి వుంటుంది. ఇందులో మచ్చ ఇక్కడుంది, బయాప్సీలో ఫలానా రకం కేన్సరు తేలింది. ఇందులో ఏమీ లేదు, ఏళ్ళు గడిచినా ఏమీ రాలేదు, అని. కంప్యూటరు మొదట తోచినట్లు జవాబు చెబుతుంది. తప్పినప్పుడల్లా లోపలి లెక్కలను కొంచెం కొంచెం సవరించుకుంటుంది. ఇలా లక్షలసార్లు సవరించుకున్నాక, అంతకు ముందెన్నడూ చూడని స్కానును ఇచ్చినా అనుమానించదగ్గ చోటును చూపగలుగుతుంది. అలసట, ఆకలి, సాయంత్రం ఆరింటికి బస్సు అందుకోవాలన్న తొందర దానికి వుండవు.

పరీక్షలో వచ్చిన మార్కులు

2024లో ఈ విషయమై పెద్ద పరిశోధన ఒకటి ప్రచురితమైంది. నెదర్లాండ్స్, నార్వే దేశాల ఆస్పత్రులలో తీసిన పదివేలకు పైగా స్కానులను అందులో వాడారు. వాటిలో 400 స్కానులను 20 దేశాలకు చెందిన 62 మంది రేడియాలజిస్టులకూ, కంప్యూటరుకూ ఇచ్చి పోటీ పెట్టారు. కంప్యూటరే మెరుగ్గా చేసింది. రేడియాలజిస్టులు ఎంతమందిని అనవసరంగా అనుమానించారో అంతమందినే అనుమానిస్తూ, ప్రమాదకరమైన కేన్సర్లను నూటికి సుమారు 7 చొప్పున అదనంగా పట్టింది.

కానీ రెండో సంగతి కూడా వినండి. రోగి పాత రికార్డులు, తోటి డాక్టర్లతో సంప్రదింపులు అన్నీ అందుబాటులో వుండి ఆస్పత్రుల్లో మామూలుగా ఇచ్చిన రిపోర్టులతో పోల్చినప్పుడు కంప్యూటరు వాటిని మించలేదు. బొమ్మ ఒక్కటే చూసే పోటీలో యంత్రం గెలిచింది. మనిషిని చూసే వైద్యంలో గెలవలేదు.

ఇప్పుడు మాష్టారు గారూ, మీ లెక్క. ఇవి సౌలభ్యం కోసం వేసుకున్న అంకెలే సుమా. మీలాగే పి.ఎస్.ఏ. పెరిగినవారు 100 మంది వున్నారనుకుందాం. వారిలో 30 మందికి ప్రమాదకరమైన కేన్సరు వుంది. కంప్యూటరు పదింటికి తొమ్మిది పట్టగలదనుకుందాం. అంటే 27 మందిని పట్టింది, ముగ్గుర్ని వదిలేసింది. మిగిలిన 70 మందిలో, పదిమందికి ఆరుగురి చొప్పున, 42 మందికి 'ఏమీ లేదు' అని సరిగ్గా చెప్పింది. 28 మందిని మాత్రం పొరపాటున అనుమానించింది. మొత్తం అనుమానించినవారు 55 మంది. అందులో నిజంగా జబ్బున్నవారు 27 మంది! బాగా పనిచేసే యంత్రం 'వుంది' అన్నా సగం మందిలోనే వుంది. సూది వేయకుండా వీరందరికీ ఆపరేషను చేస్తే 28 మంది నిష్కారణంగా గ్రంథిని పోగొట్టుకుంటారు. సూదీ వేయక, చికిత్సా చేయక ఇంటికి పంపితే 27 మంది అన్యాయమైపోతారు. అనుమానానికీ తీర్పుకీ మధ్య వున్న దూరం ఇదే.

అక్కడి చేట, ఇక్కడి చేట

ఇంకొక చిక్కు వుంది. తెల్లటి సన్నబియ్యం ఏరటం నేర్చుకున్న పిల్ల చేతికి దంపుడు బియ్యం ఇస్తే తడబడుతుంది. కంప్యూటరు ఏ స్కానులతో నేర్చుకుందో వాటిలాంటివే బాగా చదువుతుంది. యంత్రం తయారీ మారినా, బొమ్మ తీసే తీరు మారినా, మనుషుల జబ్బులు మారినా పొరపాట్లు పెరగవచ్చు. ఉదాహరణకు క్షయ. మన దేశంలో క్షయ ఇంకా ఎక్కువే. అది అరుదుగా ప్రోస్టేటుకు సోకినప్పుడు ఎం.ఆర్.ఐ.లో అచ్చం కేన్సరు లాగే కనిపించవచ్చు. క్షయ అరుదైన దేశాల స్కానులతో చదువుకున్న కంప్యూటరుకు ఆ తేడా ఎవరు నేర్పారు? అందుకే ఇటువంటి పద్ధతులను ఇక్కడి రోగుల మీద సరిచూసిన తరువాతే నమ్మాలి. అప్పుడు కూడా డాక్టరుకు రెండో జత కళ్ళుగా వాడాలి.

మరి సూది దేనికి?

ఎం.ఆర్.ఐ. నీడను చూపుతుంది. కణాన్ని చూపదు. ఆ మచ్చ కేన్సరా, కాదా, అయితే ఎటువంటిది అన్నది మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలుస్తుంది. డోనాల్డ్ గ్లీసన్ అనే అమెరికన్ పాథాలజిస్టు 1966లో ఈ కణాల అమరికను బట్టి జబ్బు తీవ్రతను అంచనా వేసే పద్ధతి చెప్పారు. ఈనాటికీ రిపోర్టులో 'గ్లీసన్ స్కోరు' అని రాసేది అదే. 6 అయితే మందకొడి రకం. 8, 9, 10 అయితే తీవ్రమైన రకం.

ఈ అంకె మీద చికిత్స అంతా ఆధారపడి వుంది. మందకొడి రకమైతే ఆపరేషను కూడా వెంటనే అక్కర్లేదు. పి.ఎస్.ఏ., స్కాను, అవసరమైతే మళ్ళీ బయాప్సీతో కనిపెట్టి చూస్తూ వుండవచ్చు. బ్రిటనులో గ్రంథి దాటని కేన్సరున్న 1,643 మందిని మూడు వర్గాలుగా చేసి కొందరికి ఆపరేషను, కొందరికి రేడియేషను, కొందరికి కనిపెట్టి చూడటం అమలుచేశారు. 15 ఏళ్ళ తరువాత, 2023లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఏ వర్గంలోనైనా ఈ కేన్సరుతో చనిపోయినవారు నూటికి ముగ్గురు, అంతకు అటూ ఇటూ. సూదిని చూసి భయపడేవారు ఇది గమనించాలి. కొందరిని కత్తి నుంచి తప్పించేది ఆ సూదే.

ఈ మైక్రోస్కోపు పనిలోనూ కంప్యూటరు ప్రవేశించింది. బయాప్సీ స్లైడులను పరిశీలించి అనుమానపు చోటును పాథాలజిస్టుకు చూపే ఇటువంటి పరికరాన్ని అమెరికా ప్రభుత్వం మొదటిసారిగా 2021లో అనుమతించింది. అయితే దానికీ ముందు ముక్క తీయాలి కదా!

సూది వేస్తే కేన్సరు పాకుతుందనే భయం మన వాళ్ళలో బలంగా వుంది. ప్రోస్టేటు విషయంలో అలా జరగటం అత్యంత అరుదు. నిజంగా జాగ్రత్తపడవలసినవి ఇన్‌ఫెక్షను, రక్తస్రావం. కొద్దిరోజులు మూత్రంలో, వీర్యంలో కొంచెం రక్తం కనిపించటం మామూలే. చలిజ్వరం వచ్చినా, మూత్రం బిగుసుకున్నా మాత్రం ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. మత్తుమందు ఇచ్చి చేస్తారు కాబట్టి నొప్పి భరించదగినంతే వుంటుంది.

నేను అడగని ప్రశ్న

కొన్నేళ్ళ క్రిందట ఒక రిటైరైన బస్సు డ్రైవరు నా ఓ.పి.కి నడుంనొప్పితో వచ్చారు. ఇన్నేళ్ళు సీటు మీద కూర్చున్నవారికి నడుంనొప్పి వింతేముంది? బిళ్ళలు రాసిచ్చాను. రెండు నెలల తరువాత మళ్ళీ వచ్చారు. మళ్ళీ రాశాను. గది బయట వందమంది నిలబడి వున్నారు. మూత్రం సంగతి నేనడగలేదు. పక్కన కోడలు వుందని ఆయనా చెప్పలేదు. మూడోసారి వచ్చేటప్పటికి కాళ్ళు పట్టు తప్పాయి. పి.ఎస్.ఏ. వందల్లో వుంది. వెన్నెముకలోకి కేన్సరు పాకింది. హార్మోను చికిత్సతో నొప్పి తగ్గి రెండేళ్ళకు పైగా బతికారు. మనవరాలి పెళ్ళి చూశారు. కానీ తన కాళ్ళ మీద నడిచి మండపానికి వెళ్ళలేకపోయారు.

ఆనాటి నుంచి యాభై దాటిన మగమనిషి నడుంనొప్పి అంటే తోడు వచ్చినవారిని బయట కూర్చోమని, మూత్రం సంగతి తప్పక అడుగుతున్నాను. ఎంత గొప్ప కంప్యూటరైనా స్కాను గదిలోకి వచ్చినవారినే చూడగలదు. సిగ్గుపడి ఇంట్లో కూర్చున్నవారిని చూడలేదు.

అందరూ గుర్తుంచుకోవలసినవి

55 నుంచి 69 ఏళ్ళ మధ్యవారు, బాధ లేకపోయినా, పి.ఎస్.ఏ. చేయించుకోవాలా వద్దా అన్నది లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ ఈ జబ్బు వున్నవారు, కుటుంబంలో స్త్రీలకు రొమ్ము, అండాశయ కేన్సర్లు వున్నవారు ఇంకా ముందుగానే, 45 ప్రాంతంలో అడగటం మంచిది. 70 దాటి ఏ బాధా లేనివారికి సాధారణంగా ఈ పరీక్ష అవసరం లేదు.

మూత్రంలో ఇన్‌ఫెక్షను వున్నప్పుడు పి.ఎస్.ఏ. చేయించవద్దు. తగ్గాక కొన్ని వారాలు ఆగాలి. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి దాంపత్యం, సైకిలు తొక్కటం మానాలి. ప్రోస్టేటు పెరుగుదలకు ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ వంటి బిళ్ళలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. అవి పి.ఎస్.ఏ.ను సుమారు సగానికి తగ్గించి చూపుతాయి. ఎం.ఆర్.ఐ. బయాప్సీకి ముందే తీయించాలి. తరువాతైతే గడ్డకట్టిన రక్తం బొమ్మను గజిబిజి చేస్తుంది. గుండెకు పేస్‌మేకరు వున్నా, మూత్రపిండాల జబ్బు వున్నా స్కానుకు ముందే చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే బయాప్సీకి ముందు చెప్పాలి. వాటిని సొంతంగా మానవద్దు.

ఇక మీ సంగతి, అమ్మా. బీరువాలోంచి ఆ ఫిల్ములు, రిపోర్టు తీయండి. అందులో పై-రాడ్స్ అంకె ఎంత వుందో చూడండి. 4 గానీ 5 గానీ అయితే ఈ వారమే యూరాలజిస్టు దగ్గరికి బయలుదేరండి. 3 అయితే బయాప్సీ అవసరమా, కొంతకాలం చూడవచ్చా అన్నది ఆయన గ్రంథి పరిమాణం, పి.ఎస్.ఏ. కలిపి చూసి చెబుతారు. ఏదైనా వెళ్ళి అడగవలసిందే. నాలుగు నెలలు గడిచాయని గాభరా పడకండి. ఈ జబ్బు చాలామందిలో నెమ్మదిగా నడుస్తుంది. అలాగని ఐదో నెల కూడా పోనివ్వకండి. మేనల్లుణ్ణి కోప్పడవద్దు. కంప్యూటరు సంగతి అంత తెలిసినవాడు కాబట్టి ఆస్పత్రికి తోడు రమ్మనండి. మాష్టారికి నా మాటగా ఇది చెప్పండి: లెక్క చేయకుండా జవాబు రాసిన పిల్లవాడికి ఆయన ఏనాడైనా మార్కులు వేశారా?